డోల్గోఖ్ మోసిన వేసవి

యథార్థ గాథ

1951 వేసవి. వేల్స్ దేశపు పడమటి తీరంలో తవిన్ అనే చిన్న ఊరు. పెండ్రె అనే చోట ఉన్న ఇంజన్ షెడ్డు తలుపులు ఊరు నిద్ర లేవకముందే తెరుచుకుంటాయి. లోపలికి వచ్చిన మనిషి వెంటనే నిప్పు రాజెయ్యడు. ముందు బాయిలర్‌లో నీళ్లు చూస్తాడు. గేజ్ గ్లాసులో నీటి మట్టం కనిపిస్తేనే అగ్గిపుల్ల గీయాలి. నీళ్లు లేని బాయిలర్ కింద మంట పెడితే ఇంజన్ పాడవుతుంది, మనిషి ప్రాణమూ పోవచ్చు. ఆవిరి ఇంజన్ దగ్గర పనిచేసే ప్రతివాడూ నేర్చుకునే మొదటి పాఠం ఇదే.

నీళ్లున్నాయి. నిన్నటి బూడిద దులుపుతాడు. నూనెలో ముంచిన గుడ్డలు, ఎండు పుల్లలు, వాటి మీద పలచగా బొగ్గు. ఆవిరి కట్టడానికి రెండు మూడు గంటలు పడుతుంది. ఈలోగా నూనె డబ్బా పట్టుకుని ఇంజన్ చుట్టూ తిరుగుతాడు, అవసరమైతే కిందికి కూడా దూరతాడు. కదిలే ప్రతి కీలుకూ చుక్క పడాలి. ఒక్కటి మరిచిపోతే దారిలో బేరింగు వేడెక్కుతుంది, రైలు ఆగిపోతుంది.

ఆగిపోతే సాయం పంపడానికి ఇంకో ఇంజన్ లేదు. పక్కన నిలబడి ఉన్న తాలిథ్లిన్ అనే ఇంజన్ నిప్పు చూసి ఏళ్లయింది. కొత్తగా కొన్న రెండు ఇంజన్లలో ఒకటి ఈ పట్టాల మీద నిలవదు, రెండోదానికి పెద్ద మరమ్మతు కావాలి. ఈ వేసవికి అమ్మే ప్రతి టికెట్టూ, దేశం నలుమూలల నుంచి చందాలు పంపిన వాళ్ల నమ్మకమూ ఈ ఒక్క ఇంజన్ మీదే ఉన్నాయి. దాని పేరు డోల్గోఖ్. పుట్టింది 1866లో. అప్పటికి దాని వయసు ఎనభై అయిదేళ్లు.

ఆ వేసవిని డోల్గోఖ్ ఎలా మోసిందో, మోసినందుకు దాన్ని నడిపిన మనుషులు దాని రుణం ఎలా తీర్చుకున్నారో చెప్పేదే ఈ కథ.

పత్తి కరువులో పుట్టిన రైలు

1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. ఉత్తరాది నౌకాదళం దక్షిణాది రేవులను దిగ్బంధం చేసింది. ఆ రేవుల నుంచి వచ్చే పత్తి మీద బతుకుతున్న మాంచెస్టర్ మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. లక్షల మంది కార్మికులు వీధిన పడ్డారు. దిక్కుతోచని మిల్లు యజమానుల చూపు మన దేశం మీద పడింది. గుంటూరు, కర్నూలు, బళ్ళారి ప్రాంతాల నల్లరేగడి నేలల్లో పండిన పత్తికి అంతవరకూ ఎవరూ ఎరగని ధర పలికింది ఆ రోజుల్లోనే. యుద్ధం ముగిశాక ఆ ధర నిలవలేదు.

మాంచెస్టర్‌లో పెద్ద నూలు మిల్లులున్న మెక్‌కానెల్ కుటుంబం ఇంకో దారి కూడా వెతికింది. పత్తిని నమ్ముకుంటే లాభం లేదనుకుని పెట్టుబడిని రాతి గనులకు మళ్ళించింది. వేల్స్ కొండల్లో పలకరాయి దొరుకుతుంది. మన బడిపిల్లలు ఒకప్పుడు అ ఆలు దిద్దుకున్న పలకల రాయి అదే జాతిది. పారిశ్రామిక బ్రిటన్‌లో ఇళ్ల పైకప్పులకు దాని అవసరం అంతా ఇంతా కాదు. తవిన్‌కు లోపలగా, కొండల్లో ఉన్న బ్రిన్ ఎగ్లూయిస్ గనిని మెక్‌కానెల్ సోదరులు తీసుకున్నారు. గని నుంచి రాయి కిందికి దిగాలంటే అప్పటికి గుర్రాల మీద మోయడమే మార్గం. అందుకే రైలు వేశారు.

పట్టాల మధ్య వెడల్పు 2 అడుగుల 3 అంగుళాలు మాత్రమే. మన బ్రాడ్‌గేజ్‌లో అది సగం కూడా ఉండదు. తవిన్ రేవు స్టేషన్ నుంచి కొండ లోపలికి సుమారు ఏడు మైళ్లు. రాళ్ల బరువుతో దిగేది పల్లం, ఖాళీ బండ్లతో ఎక్కేది మిట్ట. సరుకు ఏ దిక్కున పోతుందో చూసి వాలును దానికి అనుకూలంగా మలిచారు ఇంజనీరు జేమ్స్ స్వింటన్ స్పూనర్. 1865లో పార్లమెంటు చట్టం వచ్చింది. ఆవిరి ఇంజన్‌తో ప్రయాణికులను తీసుకువెళ్లేందుకు బ్రిటన్‌లో పార్లమెంటు చట్టం ద్వారా అనుమతి పొందిన మొదటి నారోగేజ్ రైలు ఇదే. పేరు తాలిథ్లిన్ రైల్వే.

కుదుపులున్న అక్కాచెల్లెళ్లు

ఇంజన్లు ఇంగ్లండ్ వాయవ్య తీరంలోని వైట్‌హేవెన్‌లో తయారయ్యాయి. ఫ్లెచర్ జెన్నింగ్స్ కంపెనీ 1864లో మొదటిది కట్టింది. దానికి రైల్వే పేరే పెట్టారు, తాలిథ్లిన్. రెండోది 1866లో వచ్చింది. దారిలో ఉన్న లోయ, జలపాతాల పేరు మీద దాన్ని డోల్గోఖ్ అన్నారు. ఆ లోయ మీద మూడు ఇటుక కమానులతో సుమారు యాభై అడుగుల ఎత్తున వంతెన ఉంది. రైలు దాని మీదుగానే కొండలోకి వెళుతుంది.

రెండూ ట్యాంక్ ఇంజన్లు. పెద్ద రైలు ఇంజన్ తన నీళ్లనూ బొగ్గునూ వెనక టెండరు బండిలో లాక్కుపోతుంది. ట్యాంక్ ఇంజన్ వాటిని తన ఒంటి మీదే మోస్తుంది. అందుకే పొట్టిగా ఉంటుంది, ఇరుకు మలుపుల్లో తిరుగుతుంది, ముందుకైనా వెనక్కైనా ఒకేలా నడుస్తుంది. తాలిథ్లిన్‌కు నీళ్ల ట్యాంకు బాయిలర్‌ను పైనుంచి కప్పుతూ ఉంటుంది. డోల్గోఖ్‌కు ఒక ట్యాంకు చట్రం మధ్యలో, బాయిలర్ కింద. ఇంకొకటి వెనక, డ్రైవరు నిలబడే చోట.

డోల్గోఖ్ నిర్మాణంలో ఒక తెలివైన ఆలోచన ఉంది. పొట్టి ఇంజన్‌లో సాధారణంగా ఫైర్‌బాక్స్ వెనక చక్రాల ఇరుసును దాటి వెలుపలికి వేలాడుతుంది. ఆ బరువు వల్ల ఇంజన్ ముందుకూ వెనక్కూ ఊగుతుంది. డోల్గోఖ్‌లో వెనక ఇరుసును ఫైర్‌బాక్స్‌కు అవతల పెట్టారు. రెండు ఇరుసుల మధ్య దూరం పెరిగి ఆ ఊపు తగ్గుతుంది. ఆవిరిని సిలిండర్లలోకి వదిలే వాల్వులను నడిపే యంత్రాంగానికి వెనక చోటు లేదు కాబట్టి దాన్ని ముందు ఇరుసు నుంచి నడిపించారు. ఇది ఫ్లెచర్ పేరు మీద పేటెంటు పొందిన పద్ధతి.

1866లో ప్రభుత్వ తనిఖీ అధికారి కెప్టెన్ టైలర్ వచ్చారు. ఇంజన్లు రెండింటికీ లోపాలున్నాయని రాశారు. తాలిథ్లిన్ పైకీ కిందికీ ఎగురుతోంది, డోల్గోఖ్ అటూ ఇటూ ఊగుతోంది. తాలిథ్లిన్‌ను వైట్‌హేవెన్‌కు తిప్పి పంపి వెనక అదనంగా ఒక జత చక్రాలు పెట్టించారు. డోల్గోఖ్ స్ప్రింగులనూ క్రాంక్ పిన్నులనూ సరిచేశారు.

ఇంతకన్నా పెద్ద చిక్కు వంతెనల దగ్గర వచ్చింది. పైన రోడ్డు వెళ్లే వంతెనల కమానులు ఇరుకు. రైలు వాటి కింద ఆగిపోతే ప్రయాణికులు దిగడానికి పెట్టెకూ గోడకూ మధ్య చోటు చాలదు. వంతెనలు పడగొట్టి మళ్లీ కట్టాలంటే ఖర్చు. దానికి దొరికిన పరిష్కారం సులువైనది. పెట్టెలకు ఒకవైపే తలుపులు ఉంచి, రెండోవైపు మూసేశారు. వంతెన కింద పట్టాలను ఒక పక్కకు జరిపి తలుపులున్న వైపు చోటు కల్పించారు. ఈ రైలుకు ఇవాళ్టికీ ఒకవైపే ఎక్కాలి, అదేవైపు దిగాలి.

ఎనభై ఏళ్ల చాకిరీ

ఆ తర్వాత ఎనభై ఏళ్లకు పైగా ఈ రైల్వేకు మూడో ఇంజన్ రాలేదు. అక్కాచెల్లెళ్లు రెండే వంతులు వేసుకుని లాగాయి. ఒకటి షెడ్డులో ఉంటే ఇంకొకటి దారిలో. గని బాగా నడిచిన రోజుల్లో దాదాపు మూడు వందల మంది అక్కడ పనిచేశారు. పొద్దున ఖాళీ బండ్లు పైకి, సాయంత్రం పలకరాయి కిందికి. వాటితోపాటు గనివాళ్ల కుటుంబాలకు బొగ్గు, పిండి, ఉత్తరాలు, సంతకు వెళ్లే జనం. గనివాళ్ల ఊరైన అబర్గనోల్విన్‌కు బయటి లోకంతో ఉన్న ముఖ్యమైన దారి ఆ సన్నటి పట్టాలే.

1900 ప్రాంతంలో దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధం జరుగుతున్నప్పుడు డోల్గోఖ్‌కు కొంతకాలం ‘ప్రిటోరియా’ అనే పేరు తగిలించారు. యుద్ధపు ఉత్సాహం చల్లారాక పాత పేరే మళ్లీ వచ్చింది. లోకంలో ఏం జరిగినా ఇంజన్ పని మాత్రం మారలేదు.

కానీ గని చిక్కిపోయింది. మంచి రాయి తగ్గింది, పైకప్పులకు వేరే పెంకులు వచ్చాయి. మెక్‌కానెల్ కుటుంబం చేతులెత్తేసిన దశలో, 1911లో, గనినీ రైల్వేనూ కలిపి సర్ హెన్రీ హేడన్ జోన్స్ కొన్నారు. ఆయన ఆ ప్రాంతపు లిబరల్ ఎంపీ. లాభం వస్తుందని కొన్న ఆస్తి కాదది. గని మూతపడితే ఊరు కూలిపోతుంది. తాను బతికి ఉన్నంతకాలం రైలు నడుస్తుందని ఆయన మాట ఇచ్చారు.

మాట ఇవ్వడం తేలిక. నష్టాల్లో ఉన్న రైలును ముప్పై తొమ్మిదేళ్లు నడపడం తేలిక కాదు. పట్టాలు 1860ల నాటి చేత ఇనుముతో చేసినవే. కింద చెక్క స్లీపర్లు పుచ్చిపోయాయి. గడ్డి పెరిగి పట్టాలను కప్పేసింది. ఇంజన్లకు పెద్ద మరమ్మతు చేయించే స్తోమత లేదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి తాలిథ్లిన్ పూర్తిగా ఒరిగిపోయింది. 1945లో డోల్గోఖ్‌ను ష్రూస్‌బరీలోని అట్లాస్ ఫౌండ్రీకి పంపి బాగుచేయించారు. అప్పటినుంచి ఆ రైల్వేకు అదొక్కటే ఇంజన్.

1946 డిసెంబర్ 26. క్రిస్మస్ మరునాడు. బ్రిన్ ఎగ్లూయిస్ గనిలో ఒక భాగం కూలిపోయింది. ఇక తవ్వడం ప్రమాదమని గనిని మూసేశారు. రైలు పుట్టిందే ఆ గని కోసం, ఇప్పుడు గని లేదు. అయినా సర్ హేడన్ రైలు ఆపలేదు. వేసవిలో వారానికి కొద్ది రోజులు, సెలవులకు వచ్చిన వాళ్లతో, డోల్గోఖ్ నడుస్తూనే ఉంది. బ్రిటన్ ప్రభుత్వం 1948లో దేశంలోని రైల్వేలను జాతీయం చేసినప్పుడు ఈ చిన్న రైల్వే ఆ జాబితాలోకి రాలేదు. రాకపోవడమే దాని అదృష్టమైంది. పక్క లోయలో ఇదే వెడల్పు పట్టాల మీద నడిచిన కోరిస్ రైల్వే ప్రభుత్వం చేతిలోకి వెళ్లింది. అదే ఏడాది మూతపడింది.

1950 జూలై 2న సర్ హేడన్ కన్నుమూశారు. ఆ వేసవి రైళ్లు ముగిశాయి. ఆయన ఇచ్చిన మాట గడువూ తీరిపోయింది.

కూలి అడగని మనుషులు

టామ్ రోల్ట్ ఇంజనీరుగా పని నేర్చి రచయితగా మారిన మనిషి. బ్రిటన్ కాలువల మీద పడవలో తిరిగి రాసిన పుస్తకంతో పేరు తెచ్చుకున్నారు. పాడుబడుతున్న కాలువలను కాపాడాలని 1946లో పెట్టిన సంఘానికి ఆయనా ఒక మూలస్తంభం. యుద్ధకాలంలోనే తాలిథ్లిన్ రైల్వేను చూసి మనసు పారేసుకున్నారు. రేడియో దుకాణం నడిపే బిల్ ట్రిండర్‌తో, మరికొందరు మిత్రులతో ఈ రైలు గురించి మాట్లాడని రోజు లేదు. డబ్బు తక్కువ కాబట్టి పాత పట్టాలు తీసేసి ఉద్యానవనాల్లో తిరిగే బొమ్మరైలు కొలతతో వేస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన కూడా ఒక దశలో సాగింది. అలా చేసి ఉంటే డోల్గోఖ్‌కు చోటు ఉండేది కాదు.

1950 అక్టోబర్ 11న బర్మింగ్‌హామ్‌లోని ఇంపీరియల్ హోటల్‌లో సమావేశం పెట్టారు. పని ముగించుకుని వచ్చిన ఆఫీసు ఉద్యోగులు, ఇంజనీర్లు, రైలంటే పిచ్చి ఉన్న కుర్రాళ్లు కూర్చున్నారు. వాళ్ల ముందున్నది మామూలు ప్రశ్న కాదు. ప్రభుత్వమో కంపెనీయో నడపాల్సిన రైల్వేను అభిమానులు తమ సెలవు రోజుల్లో, తమ చేతులతో, జీతం లేకుండా నడపగలరా? అంతకుముందు ప్రపంచంలో ఎక్కడా ఎవరూ చేయని పని అది. చేసి చూద్దామని ఆ రాత్రి సంఘం ఏర్పడింది.

భర్త ఇచ్చిన మాట అక్కడితో ఆగిపోకుండా చూసింది లేడీ హేడన్ జోన్స్. రైల్వే వాటాలను సంఘానికి అప్పగించేందుకు ఒప్పుకున్నారు. డబ్బు రాబట్టుకోవాలంటే పట్టాలను, ఇంజన్లను పాత ఇనుముకు అమ్ముకోవచ్చు. ఆమె ఆ పని చేయలేదు.

1951లో రోల్ట్ జనరల్ మేనేజరుగా తవిన్ చేరారు. డేవిడ్ కర్వెన్ ఇంజనీరుగా వచ్చారు. కోరిస్ రైల్వే మూతపడ్డాక మఖంథ్లెత్ అనే ఊళ్లో టార్పాలిన్ కింద ఉన్న రెండు ఇంజన్లను ఒక్కోటి 25 పౌండ్లకు కొన్నారు. వాటికి సర్ హేడన్ అని, చాలాకాలం రైల్వే మేనేజరుగా ఉన్న ఎడ్వర్డ్ థామస్ అని పేర్లు పెట్టారు. ఇక డోల్గోఖ్‌కు తోడు దొరికిందనుకున్నారు.

సర్ హేడన్ ఇంజన్‌ను పట్టాల మీద పెట్టి నడిపించబోతే చక్రాలు పట్టాల మధ్యకు జారి కింద పడ్డాయి. పట్టాల మధ్య దూరం ఉండాల్సిన దానికన్నా కొంచెం ఎక్కువగా ఉంది. డోల్గోఖ్ చక్రాల్లో పట్టా మీద ఆనే భాగం వెడల్పు కాబట్టి అది ఆ తేడాను తట్టుకుంటుంది. కోరిస్ ఇంజన్ చక్రాల్లో ఆ భాగం సన్నం. దారంతా సరిచేస్తే తప్ప ఆ ఇంజన్ పనికిరాదు. ఎడ్వర్డ్ థామస్‌ను బాగుచేస్తామని లీడ్స్‌లోని హన్‌స్లెట్ కంపెనీ డబ్బు తీసుకోకుండా ముందుకొచ్చింది. కానీ అది తిరిగి వచ్చేది మరుసటి ఏడాదే.

ఆ వేసవి అంతా డోల్గోఖ్ ఒక్కటే.

ఒంటరి వేసవి

1951 మే 14. సెలవు సోమవారం. తవిన్ రేవు స్టేషన్ నుంచి దారిలోని రిడరోనెన్ స్టేషన్ దాకా సంఘం నడిపిన మొదటి రైలు బయలుదేరింది. స్వచ్ఛంద సేవకులు నడిపిన ప్రపంచపు మొదటి రైల్వే అది. జూన్ నుంచి రైళ్లు అబర్గనోల్విన్ దాకా వెళ్లాయి.

ఆ రోజుల్లో డోల్గోఖ్ ఫుట్‌ప్లేట్ మీద నిలబడడం అంటే ఏమిటో ఊహించుకోండి. డ్రైవరు చెయ్యి రెగ్యులేటరు మీద, చెవి చక్రాల చప్పుడు మీద. ముందు గడ్డి తప్ప పట్టాలు కనిపించవు. చాలాచోట్ల పట్టాలు పక్కకు జరగకుండా ఆపుతున్నది ఆ గడ్డి వేళ్లే. కాబట్టి నెమ్మదిగా వెళ్లాలి. కానీ నెమ్మదిగా వెళితే మిట్ట మీద ఊపు తగ్గుతుంది. వాన కురిసిందంటే తడి గడ్డి చక్రాల కింద నలిగి జారుడవుతుంది. అప్పుడు చక్రం ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది, ఇసుక చల్లాలి.

ఫైర్‌మన్ లెక్కలు వేరు. మంట పలచగా ఉంటే ఆవిరి చాలదు, మందంగా వేస్తే గాలి ఆడక పొగ తప్ప వేడి రాదు. నీళ్లు బాయిలర్‌లోకి ఎక్కించాలంటే ఇంజెక్టరు వాడాలి. చన్నీళ్లు లోపలికి పోగానే ఆవిరి పీడనం పడుతుంది. అందుకని మిట్ట ఎక్కేటప్పుడు కాకుండా, కాస్త విరామం దొరికిన చోట నీళ్లు పట్టాలి. మిట్ట ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ఊపిరి తీసుకోవచ్చో కాగితం మీద రాసుకుని నేర్చుకునేది కాదు. ముసలి ఇంజన్ ఎక్కడ ఎంత తింటుందో దానితో తిరిగినవాడికే తెలుస్తుంది.

సాయంత్రం రైలు దిగిన జనం ఇంటికి వెళ్లిపోతారు. షెడ్డులో అసలు పని అప్పుడే మొదలవుతుంది. వదులైన కీళ్లు బిగించాలి. కారుతున్న చోట ప్యాకింగు మార్చాలి. ట్యూబుల్లో పేరుకున్న మసి ఊడ్చాలి. బాయిలర్‌లో అడుగున పేరుకునే మట్టిని కడిగెయ్యాలంటే దాన్ని పూర్తిగా చల్లార్చాలి. అందుకు రైళ్లు లేని రోజే దొరుకుతుంది. పొద్దున రైలును ఆలస్యం చేయకూడదంటే రాత్రిని మింగెయ్యాలి. వాళ్లలో చాలామందికి ఇది వృత్తి కాదు. సెలవు పెట్టుకుని వచ్చినవాళ్లు, నెలజీతం ఎక్కడో తీసుకుంటూ ఇక్కడ చేతులు నల్ల చేసుకుంటున్నవాళ్లు.

ఆ వేసవి మధ్యలో డోల్గోఖ్ చట్రం విరిగి ఉన్నా, ఒక ఇరుసు తెగి ఉన్నా సంఘం అక్కడితో ముగిసేది. టికెట్ల డబ్బు ఆగిపోయేది, నమ్మకం పోయేది. ఇలాంటి పని అభిమానుల వల్ల కాదని అప్పటికే అంటున్నవాళ్ల మాటే నిజమయ్యేది. డోల్గోఖ్ తెగలేదు, విరగలేదు. ఆ ఏడాది చివరి రైలు దాకా లాగింది.

1952లో బాగుపడిన ఎడ్వర్డ్ థామస్ లీడ్స్ నుంచి తిరిగొచ్చింది. ఏడేళ్ల తర్వాత డోల్గోఖ్‌కు బరువు పంచుకునే తోడు దొరికింది.

ఎముకల దాకా విప్పి

1954లో మొదటి ప్రపంచ యుద్ధ కాలపు ఇంజన్ ఒకటి, డగ్లస్ అనే పేరుతో, రైల్వేకు కానుకగా వచ్చి పనిలో చేరింది. అప్పుడు డోల్గోఖ్‌కు సెలవు ఇవ్వగలిగారు. దాన్ని పట్టాల మీది నుంచి దించారు.

అప్పటికే ఇంకో ఇంజన్ మీద అందరి దృష్టీ ఉంది. ఏళ్లుగా చల్లగా నిలబడిన తాలిథ్లిన్‌ను 1957లో బ్రైర్లీ హిల్‌లోని గిబ్బన్స్ బ్రదర్స్ కర్మాగారానికి పంపారు. చాలావరకు కొత్తగా కట్టినంత పని జరిగింది. 1958లో అది మళ్లీ తన దారి మీదకు వచ్చింది.

డోల్గోఖ్ వంతు నెమ్మదిగా సాగింది. ఆవిరి ఇంజన్‌ను పునర్నిర్మించడం అంటే బయట రంగు వెయ్యడం కాదు. ముందు అన్నీ విప్పాలి. బాయిలర్‌ను చట్రం మీది నుంచి ఎత్తాలి. దాని లోపలి ట్యూబులు అన్నీ పీకి, పలకల మందం ఎంత మిగిలిందో కొలవాలి. తుప్పు తిన్న బాయిలర్‌ను ఆవిరితో పరీక్షించరు. ముందు చల్లటి నీళ్లు నింపి, పని పీడనానికి మించిన పీడనం పెట్టి చూస్తారు. నీళ్లతో పగిలితే కారుతుంది అంతే, ఆవిరితో పగిలితే షెడ్డు లేచిపోతుంది. నమ్మకం లేని బాయిలర్‌ను పక్కన పెట్టి కొత్తది కట్టించాలి.

తర్వాత చట్రం. దశాబ్దాల కుదుపులకు ఇనుప పలకలో వెంట్రుకంత పగుళ్లు పుడతాయి. వాటిని కంటితో పట్టుకోవడం కష్టం. సిలిండర్లు అరిగి గుండ్రదనం పోతే లోపలిగా తొలిచి సరిచేస్తారు, పిస్టన్‌కు కొత్త రింగులు వేస్తారు. చక్రాల టైర్లు లేతు మీద తిప్పి మళ్లీ ఆకారంలోకి తెస్తారు. ఇరుసులు కూర్చునే బేరింగుల్లో తెల్లలోహం కరిగించి పోసి, ఇరుసు కొలతకు గీకుతూ, కూర్చోబెట్టి చూస్తూ, మళ్లీ గీకుతూ సరిపెడతారు. పాత కంపెనీ పటాలు లేనిచోట విప్పిన ముక్కనే కొలిచి కొత్త పటం గీయాలి. ఒక్కో భాగం బిగించేటప్పుడు దాని పక్క భాగంతో కుదరాలి. ఒకచోట అరమిల్లీమీటరు తేడా వస్తే అది ఇంకోచోట తిరగబడుతుంది.

డోల్గోఖ్ తిరిగి పనిలోకి వచ్చింది 1963లో. దించి తొమ్మిదేళ్లు. ఆ తొమ్మిదేళ్లలో చందాలు పోగయ్యాయి, ఒక్కో భాగం ఒక్కోచోట తయారైంది, ఒక్కో సెలవు రోజు ఒక్కో పని ముందుకు కదిలింది. ఎప్పుడైనా ఆపేసి, అందంగా రంగు వేసి, స్టేషన్ ముందు దిమ్మె మీద నిలబెట్టి చేతులు దులుపుకోవచ్చు. అప్పటికి వాళ్లకు వేరే ఇంజన్లున్నాయి, రైలు ఆగేది కాదు. అయినా ఆపలేదు. 1951లో అది చేసిన పని వాళ్లు మరిచిపోలేదు.

కథల్లోకి ఎక్కిన ఇంజన్

1952లో ఒక మతగురువు సెలవులకు వచ్చి ఈ రైల్వేలో గార్డుగా పనిచేశారు. పేరు విల్బర్ట్ ఆడ్రీ. థామస్ అనే నీలం ఇంజన్ కథలతో అప్పటికే పిల్లలకు తెలిసిన రచయిత. ఒకరోజు పైన స్టేషన్‌లో తినుబండారాలు అమ్మే ఆవిడను ఎక్కించుకోకుండానే పచ్చజెండా ఊపేశారు. ఆ సంఘటన తర్వాత ఆయన కథల్లోకి ఎక్కింది. ఆయన పుస్తకాల్లో తాలిథ్లిన్ ‘స్కార్లోయి’ అయింది, డోల్గోఖ్ ‘రీనియస్’ అయింది. 1955లో వచ్చిన పుస్తకంతో ఆ అక్కాచెల్లెళ్లు లోకమంతటి పిల్లల గదుల్లోకి వెళ్లాయి. మన ఇళ్లలో టీవీలో, యూట్యూబ్‌లో థామస్ చూసే పిల్లలకు రీనియస్ తెలుసు. ఒక కథలో రీనియస్ రైల్వేను ఒంటరిగా ఆదుకుంటుంది. ఆ కథ వెనక నిజంగా నూనె కారిన, మసి పట్టిన 1951 వేసవి ఉంది.

1976లో ప్రయాణికుల రైళ్లను పాత గని దారి మీదుగా నాంట్ గ్వెర్నోల్ వరకు పొడిగించారు. 2021లో వాయవ్య వేల్స్ పలకరాయి ప్రాంతాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. బ్రిన్ ఎగ్లూయిస్ గనీ, ఈ రైల్వే కూడా అందులో భాగం. నూటయాభై ఏళ్లు దాటిన డోల్గోఖ్ అప్పటికీ ఆ రైల్వే ఇంజనే. ఇంకో సంగతి కూడా ఉంది. అక్కడి స్వచ్ఛంద సేవకులను చూసి బ్రిటన్‌లో, ఆ తర్వాత మిగతా దేశాల్లో పదుల సంఖ్యలో మూతపడిన రైల్వేలను ప్రజలే తిరిగి నడిపించారు.

మన దగ్గర ఉన్నది

ఈ కథలో నన్ను పట్టుకున్నది ఇంజన్ వయసు కాదు. 1951లో డోల్గోఖ్ నడిచిందంటే దానికి నిప్పు పెట్టడం, నీళ్లు పట్టడం, కీలు చప్పుడు వినడం తెలిసినవాళ్లు అప్పటికి ఉన్నారు. వాళ్లు కొత్తవాళ్లకు నేర్పారు. నేర్చినవాళ్లు ఇంకొకరికి నేర్పారు. ఆ గొలుసు తెగిపోయి ఉంటే 1963 నాటికి బాగుచేసిన ఇంజన్ ఉండేది గానీ నడిపేవాడు ఉండేవాడు కాదు.

మన దేశంలో ఆ గొలుసు కొన్నిచోట్ల తెగలేదు. డార్జిలింగ్ కొండల్లో 19వ శతాబ్దపు నమూనా ట్యాంక్ ఇంజన్లు ఇంకా రైళ్లు లాగుతున్నాయి. నీలగిరి రైల్వేకు తిరుచ్చి గోల్డెన్ రాక్ వర్క్‌షాపు ఈ శతాబ్దంలోనే కొత్త ఆవిరి ఇంజన్లు కట్టింది. కట్టగలిగింది ఆ పని తెలిసిన చేతులు మిగిలినందుకే.

తెలుగునాట పొగబండి పెద్ద చరిత్రే వదిలింది. కాజీపేట, బిట్రగుంట, డోర్నకల్, గుంతకల్లు షెడ్లలో తరాల తరబడి కుటుంబాలు బొగ్గు ఎత్తాయి, ఆవిరి కట్టాయి. భారతీయ రైల్వేలో బ్రాడ్‌గేజ్ మీద చివరి మామూలు ఆవిరి రైలు 1995 డిసెంబర్‌లో ఆగింది. ఆ ఫుట్‌ప్లేట్ల మీద కుర్రాళ్లుగా నిలబడినవాళ్లు ఇప్పుడు తాతలయ్యారు. ఇంజన్లను మనం స్టేషన్ల ముందు దిమ్మెల మీద నిలబెట్టి రంగులు వేసుకున్నాం. మంచిదే. కానీ మంట రంగు చూసి ఆవిరి ఎంతుందో చెప్పగల మనిషిని అడిగి రాసుకున్నది ఎంత?

మీ ఇంట్లోనో, మీ వీధిలోనో పాత ఫైర్‌మన్ ఉంటే ఈ ఆదివారం వెళ్లి కూర్చోండి. ఫోన్‌లో రికార్డింగు పెట్టి అడగండి. నిప్పు ఎలా పరిచేవారు, మిట్టకు ముందు నీళ్లు ఎప్పుడు పట్టేవారు, బేరింగు వేడెక్కిందని ఎలా తెలిసేది, షెడ్డులో పని నేర్పింది ఎవరు. తేదీ, షెడ్డు పేరు, ఇంజన్ తరగతి రాసుకోండి. తవిన్‌లో ఎనభై అయిదేళ్ల ఇంజన్‌ను బతికించింది ఇలాంటి తెలివే. అది మన దగ్గరా ఉంది. ఇంకా కొన్నేళ్లు మాత్రమే ఉంటుంది.